రెండిళ్లలో నేర్చిన వాక్యం

మొగుడూ పెళ్లాలు విడిపోతే ఎడమొహం పెడమొహంగా బతకాలని ఊరి లెక్క. రాజరత్నం, దయామణి ఆ లెక్క తప్పించారు. ఎందుకు విడిపోయారో వాళ్లకు తెలుసు, మనకక్కర్లేదు. అతను కొమరోలు దగ్గర ఊళ్లో బోరు మోటార్లు బాగుచేస్తాడు. ఆమె గిద్దలూరులో బట్టల దుకాణంలో పనిచేస్తుంది. మూడో తరగతి చదివే బ్లెస్సీ బడి రోజుల్లో తల్లి దగ్గర ఉంటుంది. శనివారం సాయంత్రం రాజరత్నం చేతుల గ్రీజు కడుక్కుని బస్సెక్కి వెళ్లి పిల్లను తెచ్చుకుంటాడు. సోమవారం పొద్దున్నే తనే రెండు జడలు వేసి బడిలో దింపుతాడు. ఒక జడ పైకి, ఒకటి కిందికి ఉంటాయి. సాయంత్రం అవి చూసి దయామణి నవ్వుకుంటుందే గాని, అతన్ని ఒక్క మాట అనదు. ఆ ఒక్క గుణానికే ఆమెకు దండం పెట్టాలి.

ఈ ఏర్పాటు గిట్టనిది దయామణి తల్లి రోశమ్మకు. రెండిళ్ల మధ్య తిరిగే పిల్లకు ఏదీ అబ్బదని, రెంటికీ చెడ్డ రేవడి అవుతుందని ఆమె సాధింపు. క్రిస్మస్‌కు చర్చిలో పిల్లలు బైబిలు వాక్యాలు అప్పజెప్తారు. బ్లెస్సీ తడబడితే శనివారాల ప్రయాణం ఇక బందేనని రోశమ్మ తేల్చేసింది. పోరు పడలేక దయామణి సరేనంది. అప్పటినుంచి రాజరత్నానికి కూడు సయించలేదు. పిల్ల లేని ఆదివారం ఎలా గడుస్తుందో అతని ఊహకే అందలేదు.

వాక్యాన్ని ఇద్దరూ పంచుకున్నారు. మొదటి సగం తండ్రి, రెండో సగం తల్లి. మోటారు విప్పుతూ అతను చెప్పించాడు, కూరగాయలు తరుగుతూ ఆమె చెప్పించింది. ఎవరి సగం వాళ్లు, పిల్లకు గుక్కతిప్పుకోకుండా వచ్చేదాకా వదల్లేదు.

పండగనాడు బ్లెస్సీ మైకు ముందు నిలబడి తండ్రి నేర్పిన సగం గడగడా చెప్పింది. అక్కడ ఆగిపోయింది. అందిద్దామంటే తర్వాతి మాట రాజరత్నానికీ రాదు. ఆడవాళ్లు కూర్చున్న వైపు చూశాడు. దయామణి ఊరకుంటే చాలు, ఇకమీదట పిల్ల పూర్తిగా ఆమెదే.

దయామణి చాప మీద నుంచి లేచింది. నిండు చర్చిలో తన సగంలోని మొదటి మాట గట్టిగా అందించింది. బ్లెస్సీ అందుకుని చివరిదాకా చెప్పేసింది.

బయటికొచ్చాక కూడా రోశమ్మ పట్టు వదల్లేదు. పిల్ల మధ్యలో ఆగింది కదా, అనుకున్న మాట అనుకున్నట్టే జరగాలంది.

"పిల్లది తప్పు కాదుమా," అంది దయామణి. "ఆయన సగం ఆయన చెప్పిచ్చినాడు, నా సగం నేను చెప్పిచ్చినా. రెండూ ఒక్కసారన్నా కలిపి చెప్పిచ్చలేదు. తప్పు మా ఇద్దరిదీ."

ఆ తర్వాత రాజరత్నం వైపు తిరిగింది.

"శనివారం ఎప్పటిమాదిరే రా, బ్లెస్సీ నాయనా. ఈస్టర్ వాక్యం మొత్తం నువ్వూ నేర్పియ్యి, మొత్తం నేనూ నేర్పిస్తా."

రాజరత్నం తలూపి, పిల్ల చెప్పులు వెతికే నెపంతో అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.