ఇంకోటి ఎక్కడుంది?

రూసే ఊళ్లో పద్నాలుగో బ్లాకు రెండో అంతస్తులో ఉండే మెతోది గారికి లోకంలో ఏ వస్తువైనా ఒక్కటే ఉందంటే ప్రాణం ఒప్పేది కాదు. ఎవరేం చూపించినా ఆయన నోట వచ్చే మొదటి మాట, "ఇంకోటి ఎక్కడుంది?" ఆయన పోయి మూడేళ్లయినా, ఆ బ్లాకులో ఎవరైనా కొత్త తాళంచెవి చేయించుకొస్తే ఇవాళ్టికీ పక్కవాళ్లు ఆ మాటే అడిగి నవ్వుకుంటారు.

పెళ్లినాడు చర్చికి ఉంగరాలు రెండు జతలు పట్టుకెళ్లాడట. పెళ్లాం విషయంలో కూడా ఇంకోటి అన్నావంటే కాళ్లు విరగ్గొడతానని దోన్కా ఆ రోజే చెప్పేసింది. ముక్కు మీద ఒక కళ్లజోడు, నుదుటి మీద ఒకటి. మూడో అంతస్తు వాళ్లు పురిటి బిడ్డను తెచ్చి చూపిస్తే, అలవాటు కొద్దీ, "ఇంకోటి ఎక్కడుంది?" అనేశాడు. తర్వాతి కాన్పులో వాళ్లకు కవలలు పుట్టారు. తండ్రి ఇద్దర్నీ చెరో చంకలో వేసుకొచ్చి, "ఇవిగో, అడిగారుగా" అన్నాడు.

రేడియోలు బాగుచేసి రిటైరైన మనిషి కనుక, బ్లాకులో ఎవరి కంప్యూటర్ మొరాయించినా ఆయన దగ్గరికే వచ్చేది. తన ఫొటోలూ కాగితాలూ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఎర్రగుడ్డలో చుట్టి, గాజుసీసాలో పెట్టి, నేలమాళిగ కొట్లో లూతెనిత్సా సీసాల వరసలో దాచేవాడు. దొంగలొచ్చినా మిరప పచ్చడే కదా అని వదిలేస్తారని ఆయన లెక్క. ఈ దేశంలో దొంగలు ముందు ఎత్తుకుపోయేదే పచ్చడి సీసాలని దోన్కా గొణిగేది.

నాలుగో అంతస్తు నెవెనా భర్త లాజర్ ఒక చలికాలంలో పోయాడు. ట్రాలీబస్సు నడిపేవాడు. అతనికి పాటంటే ప్రాణం. పాటకు మాత్రం అతనంటే పడేది కాదు. పాడినవన్నీ కంప్యూటర్లో రికార్డు చేసుకునేవాడు. మొత్తం నలభై ఒక్కటి. ప్రతి పాటకీ ముందు, "నెవెనా, ఆ కిటికీ వెయ్యవే, జనం వింటారు" అనేవాడు. నెవెనాకు కావలసింది పాట కాదు, ఆ ఒక్క మాట. అతను పోయాక ఆమె గడప దాటలేదు. రొట్టె కూడా పక్కింటివాళ్లే తెచ్చిచ్చేవారు.

మార్చిలో ఆ కంప్యూటర్ కాఫీగింజల మిల్లులా గరగరలాడడం మొదలుపెట్టింది. నెవెనా భయపడిపోయి, దాన్ని చంటిపిల్లలా ఎత్తుకుని రెండంతస్తులు దిగింది. మెతోది గారు డాక్టరులా చెవి ఆనించి విన్నాడు.

"ఇంకోటి ఎక్కడుంది?"

"లేదన్నయ్యా," అంటూనే ఆమె ఏడ్చేసింది. ఆయన చేతిరుమాలు ఇచ్చాడు. కాసేపాగి ఇంకోటి ఇచ్చాడు.

ఒక పూట తన దగ్గర ఉంచమన్నాడు. సాయంత్రం తిరిగిచ్చేస్తూ, పాటల్ని ఎక్కడ దాచాలన్నది తొందరపడి తేల్చేది కాదు, ప్రతి మంగళవారం, శుక్రవారం పదింటికి రమ్మన్నాడు. అందుకోసం ఒక నోటుబుక్కు తెరిచాడు. అలాంటిదే రెండోది కూడా తెరిచాడు.

ఏప్రిల్ అంతా సీడీలకు పోయింది. గీతలు పడతాయని కొట్టేశాడు. మేలో హార్డ్‌డిస్కు. టేబుల్ మీంచి పడితే? పడనివ్వనంది నెవెనా. భూకంపం వస్తే నిన్నడిగి వస్తుందా అన్నాడాయన. జూన్‌లో క్లౌడ్ దగ్గరికొచ్చారు. మన ఫైళ్లను రెండు దేశాల్లో ఉంచుతామని ఆ కంపెనీవాళ్లు రాస్తే, ఆ రెండు దేశాలకీ ఒకదానితో ఒకటి పడుతుందా అని తిరుగుటపా రాశాడు. జవాబు రాలేదు.

ఆగస్టు నాటికి నెవెనాకు ఓపిక నశించింది. ఆ రోజు తను చేసి తెచ్చిన బానిత్సా పళ్లెం ఆయన ముందు ఠపీమని పెట్టింది.

"నువ్వు తేల్చేలోపు ఆ కంప్యూటరూ లాజర్ దగ్గరికే పోతుందన్నయ్యా."

"పోతే పోనీ, ఈ రొట్టెలో జున్ను తగ్గింది," అన్నాడు. అరగంట సేపు జున్ను మీద తగువాడుకున్నారు. దోన్కా నెవెనా పక్షం వహించింది.

సెప్టెంబరులో ఒక ఉదయం కంప్యూటర్ గరగర ఆగిపోయింది. ఎంత నొక్కినా వెలగలేదు. నెవెనా చెప్పుల్లేకుండా కిందికి పరుగెత్తింది. పెరట్లో బ్లాకు ఆడవాళ్లంతా ఇనప పీపాలో పచ్చడి సీసాలు ఉడకబెడుతున్నారు. మెతోది గారు కింద మంట ఎగదోస్తున్నాడు. మూత సరిగ్గా బిగియలేదని దోన్కా కొట్లోంచి తెచ్చిన పాత సీసాలు కూడా అందులోనే మరుగుతున్నాయి.

"పోయిందన్నయ్యా," అంది నెవెనా.

సరిగ్గా అప్పుడే దోన్కా పట్టకారుతో ఒక సీసా పైకి తీసింది. లోపల పచ్చడి కాదు, ఎర్రగుడ్డ. పైన చీటీ: లాజర్, మార్చి.

నెవెనా చీటీని రెండుసార్లు చదివింది. మార్చి. సీసా కేసి చూసింది, ఆయన కేసి చూసింది. ఇన్నాళ్లూ ఉన్న కాపీ తన కళ్లముందే ఉడికిపోయింది. అడిగింది.

"ఇంకోటి... ఎక్కడుంది?"

ముప్పై ఏళ్లలో ఆ ప్రశ్న ఆయన్ను ఎవరూ అడగలేదు. మొహం వెలిగిపోయింది. "ఒకటి మా అమ్మాయి దగ్గర, వార్నాలో. ఒకటి నా అల్మరాలో. ఇంకోటి ఉంది గానీ, ఎక్కడ పెట్టానో నోటుబుక్కులో చూడాలి."

"మరి ఆరు నెల్లుగా మనం తేలుస్తున్నదేమిటి?"

ఆయన రెండో కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. దోన్కాయే చెప్పింది.

"మొదటి రోజే చేసేశాడమ్మా. చెప్పేద్దామంటే, పని అయిపోతే ఆ పిల్ల మళ్లీ తలుపేసుకుంటుందే, నోరు మూసుకో అన్నాడు."

నెవెనా దోన్కా పక్కన కూర్చుని, కాల్చిన మిరపకాయ ఒకటి తీసుకుని తొక్క ఒలవసాగింది. నాలుగైదు కాయలు అయ్యాక, తలెత్తకుండానే అంది.

"మంగళవారం నా ఫోను తెస్తాను. అందులో వంటల కాగితాల ఫొటోలున్నాయి. వాటిని ఎక్కడ దాచాలో చూడాలి."

"ఎన్నున్నాయి?"

"నాలుగు."

మెతోది గారు గడ్డం నిమురుకున్నాడు. "నాలుగా. వచ్చే వేసవి దాకా పడుతుందమ్మా."