నీళ్ల కాపలా

శనివారం సాయంత్రం డ్రాయింగ్ టీచర్‌కి జ్వరమని, క్లాసు లేదని మెసేజ్ వచ్చింది. నాలుగో తరగతి చదివే మా అమ్మాయి అప్పటికే చెప్పులేసుకుని, సంచీ భుజాన తగిలించుకుని హాల్లో నిలబడి ఉంది.

"ఇప్పుడు నేనేం చెయ్యాలమ్మా?"

"ఏం చెయ్యక్కర్లేదు. ఊరికే ఉండు" అని వంటింట్లోకి వెళ్లాను. పప్పుకి తాలింపు పెట్టి వచ్చేసరికి అది అక్కడే, సంచీ కూడా దించకుండా, గోడ గడియారం వంక చూస్తూ నిలబడి ఉంది.

"ఊరికే అంటే ఎలా ఉండాలమ్మా?"

నాకు భయం వేసింది సరిగ్గా అప్పుడే. జ్వరానికి డాక్టరున్నాడు, మార్కులకి ట్యూషనుంది. దీనికి ఎవరి దగ్గరికి తీసుకెళ్లాలి?

భవానీపురంలోని మా ఫ్లాటులో ఫ్రిజ్ తలుపు మీద ఒక చార్టు ఉండేది. నేను గీసిందే. అమ్మాయిది గులాబీ రంగు, ఒకటో తరగతి చదివే మా అబ్బాయిది నీలం. అబాకస్, హిందీ, డ్రాయింగ్, ఈత. ఇంటికొచ్చినవాళ్లు దాన్ని ఫొటో తీసుకునేవాళ్లు, నేను మురిసిపోయేదాన్ని. పిల్లలు వెనకబడిపోతారేమోనన్న భయంతో గీశానని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆ రాత్రి నాకు కంకిపాడు దగ్గర మా పొలం గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు మా వంతు కాలవ నీళ్లు వచ్చిన రోజు నాన్న బోదెకి మడవ తీసి, నీళ్లు మడిలోకి వదిలి గట్టు మీద కూర్చునేవాడు. మడి నిండటానికి రెండు మూడు గంటలు. లేచి వెళ్తే నీళ్లు పక్కవాళ్ల చేలోకి పొర్లుతాయి, తొందరపెడదామంటే నీళ్లు వినవు. నేనూ పక్కన కూర్చునేదాన్ని. నీటి అంచు మట్టిని తడుపుకుంటూ పాకి వచ్చేది. అది చేరకముందే చీమలు గట్టెక్కేసేవి. వీటికి ఎవరు చెప్పారా అని ఎన్ని పూటలు ఆలోచించానో. డిగ్రీలో జువాలజీ తీసుకోవడానికి అంతకంటే వేరే కారణం నాకు కనపడదు.

"దయ్యం పట్టినట్టు ఆ కూర్చోవడమేందే?" అని అమ్మ అరిచేది.

"నీళ్లకి కాపలా కాస్తంది, ఉండనీ" అనేవాడు నాన్న.

మర్నాడు పొద్దున్నే చార్టులో సాయంత్రం ఐదు నుంచి ఐదున్నర వరకు ఒక గడి ఖాళీ చేసి 'ఊరికే' అని రాశాను. ఇబ్రహీంపట్నం కరెంటు ప్లాంటులో నైట్ షిఫ్టు చేసి వచ్చిన మా ఆయన అది చూసి పగలబడి నవ్వారు.

"ఊరికే కూర్చోడానిక్కూడా డ్యూటీ వేశావా? మా షిఫ్ట్ ఇంజనీరు నయం తల్లీ!"

సోమవారం ఐదింటికి ఇద్దరూ సోఫాలో చేతులు కట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని కూర్చున్నారు. ఐదున్నరకి అలారం మోగింది.

"నేను ఎనిమిది వందల దాకా లెక్కపెట్టా!" అన్నాడు వాడు.

"నేను కదల్లేదు. బాగా చేశానా అమ్మా?" అంది అది.

బాగా చేశావన్నాను.

తర్వాతి ఆదివారం వాళ్లని మా ఊరు తీసుకెళ్లాను. పొలం గట్టు మీద కూర్చోబెడితే వాళ్లకే తెలుస్తుందనుకున్నాను. నాన్న ఇంట్లో మంచం మీద పడుకుని ఫోన్ చూస్తున్నాడు. బోరు మోటారుకి ఫోన్‌తో నడిచే స్టార్టరు పెట్టించాడట.

"ఇప్పుడు గట్టు మీద ఎవరు కూర్చుంటన్నారమ్మా? ఇక్కణ్ణించే నొక్కితే ఆన్, నొక్కితే ఆఫ్."

"అప్పుడు గంటలకి గంటలు కూర్చుని ఏం ఆలోచించేవాడివి నాన్నా?"

"ఏమోనమ్మా, గుర్తు లేదు. ఏదో ఒకటి నడుస్తానే ఉండేది లోపల."

"మరి ఆ గంటలన్నీ ఇప్పుడు ఏమైపోయాయి?"

ఫోన్ పైకెత్తి చూపించి నవ్వాడు. "ఇదిగో, దీంట్లోకి పోయినయ్."

పిల్లలిద్దరూ అప్పటికే ఆయనకి చెరోపక్క చేరి ఆ ఫోన్‌లోకి తొంగి చూస్తున్నారు. ఎండగా ఉందని పొలం వైపు ఎవరూ రాలేదు.

ఇంటికొచ్చి, పిల్లలు పడుకున్నాక చార్టు చించేశాను. పొద్దున్నే చెప్పాలనుకున్న మాటలన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. ఈ వారం ఏ క్లాసూ లేదు. ఏం చెయ్యాలో నన్ను అడగొద్దు. కిటికీ దగ్గర కూర్చున్నా, పైకి చూస్తూ పడుకున్నా ఏమీ అనను. రాస్తుంటే నిజంగానే అననేమో అనిపించింది. ఇదంతా నిన్న రాత్రి. ఇవాళ పొద్దున సంగతి కూడా రాసి ఆపేస్తాను.

ఏడూ పదికి బాత్రూములో మాటా పలుకూ లేదు. వెళ్లి చూస్తే ఇద్దరూ నోట్లో బ్రష్షులతో బకెట్ పక్కన గొంతుకూర్చున్నారు. పంపు కింద బకెట్ నిండుతోంది. నీళ్ల మీద ఒక చిన్న రెక్క, ఏ దోమదో, గిరగిరా తిరుగుతోంది. నీళ్లు అంచుదాకా వచ్చి, ఒక్క క్షణం ఉబ్బెత్తుగా ఆగి, పొర్లాయి. రెక్క ఎటు పోతుందా అని ఇద్దరి మెడలూ ఒకేసారి వంగాయి. ఇద్దరూ నన్ను చూడలేదు. వారం రోజులుగా నేను వాళ్లని అడుగుతున్నది నా ఎదురుగానే ఉంది. అది నాకు తెలిసింది కూడా. కింద స్కూలు వ్యానువాడు హారన్ కొట్టాడు.

"నీళ్లు పోతన్నాయి, కనపడట్లా? ఊరికే చూస్తా కూర్చున్నారేంటి ఇద్దరూ! లేవండి, లేవండి, వ్యాన్ వచ్చేసింది."