రాయి మీది కత్తి

మా చిన్నాయన పోయారు. శుక్రవారం పొద్దున, సానరాయి ముందర కూర్చుని ఉండగానే పోయారు.

ఆ పొద్దు మిగతా పొద్దుల్లాంటిదే. చీకటి ఉండగానే లేచి కళ్లాపి చల్లాను, ముగ్గు వేశాను. ఆవు కింద కసువు ఊడ్చి, స్నానం చేసి, తులసి దగ్గర దీపం పెట్టి, కొండ వైపు తిరిగి దండం పెట్టుకున్నాను. రేణిగుంట వైపు నుంచి రైలు కూత వినబడింది. పెరట్లో కరివేపాకు చెట్టు కింద చిన్నాయన సాన పట్టడం మొదలుపెట్టారు. రోజూ ఆ చప్పుడు పక్కనుండగానే నా సహస్రనామ పారాయణం సాగేది. కత్తి అవతలికి పోయేటప్పుడు ఒక చప్పుడు, ఇవతలికి వచ్చేటప్పుడు ఇంకో చప్పుడు. తిరగేసేటప్పుడు మాత్రం కాస్త ఆగేది. ఆ రోజు కూడా ఆగింది. తిరగేస్తున్నారనుకున్నాను. ఒక నామం చదివాను. ఇంకో నామం చదివాను. చప్పుడు మళ్లీ రాలేదు.

వెళ్లి చూస్తే ఆయన చెట్టుకు ఆనుకుని ఉన్నారు. తల ఒక పక్కకు వాలింది. కుడిచెయ్యి పిడి మీద నుంచి జారి నీళ్ల ముంతలో పడి ఉంది. కత్తి రాయి మీదే ఉంది.

నాకు ముందు ఏడుపు రాలేదు. భయం వేసింది. ఆ రాయి మీద ఉన్నది మా చిన్నతమ్ముడు చెరకు కొట్టే మచ్చుకత్తి.

ఆయన్ను ఎరగనివాళ్లకు ఈ భయం అర్థం కాదు. అందుకే ఈ నాలుగు మాటలూ.

ఆయన మా నాయనకు తమ్ముడు. భార్యాబిడ్డలు లేరు. నేను పసుపు కుంకుమ పోగొట్టుకుని పుట్టింటికి తిరిగి వచ్చిన నాడు, ఎదురొచ్చి నా మూట అందుకుని లోపల పెట్టిన మనిషి. కమ్మరి కాదు, సాన పట్టడం ఆయన కులవృత్తీ కాదు. మా అందరిలాగే చెరకు, వేరుశెనగ పండించినవారు. కత్తులంటే మాత్రం చిన్నప్పటి నుంచీ ప్రాణం. సంతలో తుప్పు పట్టినది కనబడితే తెచ్చుకునేవారు. మనిషి పోయిన ఇంట్లో వాడేవాళ్లు లేని కత్తి ఉంటే అడిగి తెచ్చుకునేవారు. అన్నిటినీ తోమి, ఆముదం పట్టించి, పాత పంచె గుడ్డల్లో చుట్టి టేకుపెట్టెలో పడుకోబెట్టేవారు. పడుకోబెట్టడం అన్నది ఆయన మాటే. పెట్టె తాళంచెవి ఆయన మొలతాడుకు ఉండేది.

ఆ పెట్టెలో మంత్రసాని వాడిన చిన్న చాకు ఒకటి ఉంది. మా తమ్ముళ్లిద్దరికీ బొడ్డు కోసింది అదే. కొండ మీద తలనీలాలు తీసిన ఒక ముసలి మంగలి ఇచ్చిన కత్తి ఇంకొకటి ఉంది. నూరీ నూరీ అది కొబ్బరి ఈనె అంత అయిపోయింది. దాన్ని నా ముందు నేల మీద పెట్టి ఒకసారి అన్నారు:

"నూరితే కత్తి పదునెక్కుతాది అంటారు అమ్మణ్ణీ. నూరితే కత్తి తగ్గుతాది. అది మాత్రం ఎవురూ చెప్పరు."

కత్తిని చేతి నుంచి చేతికి ఎప్పుడూ ఇచ్చేవారు కాదు. నేల మీద పెట్టి, పిడి మన వైపు తిప్పి, తన చెయ్యి వెనక్కి తీసుకునేవారు. ఆ తర్వాతే మనం తీసుకోవాలి. పనికి ముందూ తర్వాతా దాన్ని కళ్లకు అద్దుకునేవారు. రాయి మీద నుంచి కారిన నల్లనీళ్లు సన్నటి కాలువలాగా కరివేపాకు చెట్టు మొదట్లోకి పోయేవి. ఇనుము తాగి చెట్టు చచ్చిపోతుందేమో అంటే, "తాగనీలే. మనుసులు తాగేదానికన్నా మేలు" అనేవారు.

మా ఊళ్లో ఒక పద్ధతి ఆయన వల్లే ఏర్పడింది. ఎవరింట్లోనైనా కోపాలు ముదిరితే, ఆ ఇంటి ఆడది కత్తిని కొంగు కింద పెట్టుకుని మా పెరటికి వచ్చేది. "పదును పోయింది" అనేది. ఆయన బొటనవేలి గోటి మీద పెట్టి చూసేవారు. వెంట్రుకను చీల్చే పదును ఉండేది దానికి. "అవునమ్మా, శానా మొద్దుబారింది. పెట్టిపో" అనేవారు. ఎందుకు తెచ్చావని అడిగేవారు కాదు. తర్వాత మగవాడు వచ్చేవాడు.

"అయ్యిందా?"

"యాడయ్యింది. మొండి ఇనుమప్పా, నీ మాదిరే."

రేపు రమ్మనేవారు. రేపు వస్తే మళ్లీ రేపు. కోపం చల్లారిందని ఆయనకు తోచిన నాడు కత్తి తిరిగి వెళ్లేది. బలవంతంగా ఎవరూ తీసుకుపోలేదు. సానకు పెట్టిన కత్తిని సాన పట్టినవాడే ఎత్తి ఇవ్వాలి, మధ్యలో ఇంకొకరు ఎత్తితే అది ఎత్తినవాడి ఇంట్లోనే నెత్తురు కళ్లజూస్తుంది అని ఒక నమ్మకం ఉంది. మా నాయన బతికున్న రోజుల్లో ఈ మాట నేను వినలేదు. ఆయన్నే అడిగాను. వక్క నములుతూ, "ముందర లేదులే అమ్మణ్ణీ. ఇప్పుడు ఉండాది" అన్నారు.

ఆ మాటకు ఊరంతా కట్టుబడింది. కొన్నాళ్లకు నేను కూడా నమ్మాను.

మా నాయన పోయిన తర్వాత తమ్ముళ్లిద్దరూ భూమి పంచుకున్నారు. నడుమ గట్టు వేసుకున్నారు. బావిని పంచుకోలేకపోయారు. ఒకనాడు పెద్దవాడు ఎద్దులు కట్టి కపిల తోలి నీళ్లు తోడుకుంటే మర్నాడు చిన్నవాడు తోలాలి. నీళ్లున్నన్నాళ్లు అది సాగింది. పోయిన వేసవిలో బావి అడుగంటింది. ఇద్దరి చెరకూ పచ్చదనం పోయి గడ్డిరంగుకు తిరిగింది. ఒక పొద్దున చిన్నవాడు ఎద్దులు కట్టబోతే కపిల మోకు రెండు ముక్కలై ఉంది. నీళ్లు తోడే బాన బావి అడుగున పడి ఉంది.

వాడు గట్టు మీద నిలబడి అరిచిన అరుపు ఇంట్లో ఉన్న నాకు వినబడింది. చిన్నాయన వెళ్లి మోకు కొసను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు.

"ఎలక కొరికిందిరా" అన్నారు.

"ఎలకకు మచ్చుకత్తి యాడిది చిన్నాయనా?" అన్నాడు వాడు.

గట్టుకు అవతల పెద్దవాడు చెరకు ఆకు దూస్తూ తల ఎత్తలేదు. "ఎలకతో మాట్లాడేవోడు ఎలకే" అన్నాడు. ఆ తర్వాత ఇద్దరూ ఒకరినొకరు పిలుచుకోలేదు. ఇద్దరి నడుముకూ మచ్చుకత్తులు వచ్చాయి. చెరకు కొట్టే కాలం కాదది.

ఆ మధ్యాహ్నం వాళ్లు తిని పడుకున్న వేళ చూసి మరదళ్లిద్దరూ వేరువేరుగా బయల్దేరారు. మా పెరటి తడిక దగ్గర ఎదురుపడ్డారు. నేను వడ్లు ఎండబోస్తున్నాను.

"ఏంక్కా, ఇట్లొచ్చినావు?" అంది చిన్నది.

"కరేపాకు కోసుకుందామని. నువ్వో?" అంది సత్యవేడు నుంచి వచ్చిన పెద్దమరదలు.

"నేనూ కరేపాకుకే."

ఇద్దరి కుడిచేతులూ కొంగుల కింద ఉన్నాయి. చిన్నాయన తల తిప్పకుండానే అన్నారు: "చెట్టుకు అంత ఆకు లేదమ్మా. ఆ కొంగుల కింద ఉండేవి రెండూ ఈడ పెట్టి పోండి."

రెండు కత్తులూ పక్కపక్కనే నేల మీద పెట్టారు. నాకు నవ్వు రావాలి. రాలేదు.

మర్నాటి నుంచి ఆయన వేరే కత్తి ముట్టలేదు. ఒక పొద్దున పెద్దవాడిది, ఒక పొద్దున చిన్నవాడిది, బావి వంతుల్లాగే. ఆ రెండిట్లో ఒకదాని వాదరలో, పదును అంచున, చిన్న గాటు ఉండేది. మోకు కొసలో ఒక పురి సాఫుగా తెగకుండా చిరిగి ఉండడం నేనూ చూశాను. నేను గాటు వంక చూసి ఆయన వంక చూశాను. ఆయన నీళ్లు పోసి నూరుతూనే ఉన్నారు. కొన్నాళ్లకు, "గాటు పోయింది అమ్మణ్ణీ. ఇంక అడగొద్దు" అన్నారు. నేను అడగలేదు. అది ఎవరి కత్తో ఇక్కడా రాయను.

తమ్ముళ్లు మాత్రం వచ్చి అడుగుతూనే ఉన్నారు. కొత్తది చేయించుకునే వీలు లేదు. యుద్ధం రోజుల నుంచీ ఇనుము కరువు, కమ్మరి పాతవాటిని అతికి ఇవ్వడమే తప్ప కొత్తది చేయలేడు. ఒకనాడు పెద్దవాడు తడిక దగ్గరే నిలబడి అడిగాడు.

"చిన్నాయనా, నువ్వు సాన పడతా ఉండేది నా కత్తికా, నా ఆయుస్సుకా?"

"నీ ఆయుస్సుకేరా అబ్బోడా" అన్నారు ఆయన. "అది కూడా మొద్దుబారి ఉండాది."

వాడు తడిక విసురుగా వేసి వెళ్లిపోయాడు. వానాకాలం వచ్చింది. వాన రాలేదు. మోకును ముడేసుకుని, బావిలో ఊరిన కాస్త నీళ్లే వంతులవారీగా తోడుకున్నారు. ఎండాకాలంలో మొదలైన ఆ చప్పుడు చలికాలంలోకి వచ్చింది. పొద్దున్నే రెండు చేలల్లోకీ వినబడేది. ఆ చప్పుడు వినబడుతున్నంతసేపూ ఏమీ జరగదని మరదళ్లు నాతో అనేవారు. శుక్రవారం అది ఆగింది.

స్నానం చేయించి అరుగు మీద పడుకోబెట్టాం. వాగు గట్టు నుంచి పచ్చివెదురు తెచ్చారు. పాడె కట్టడానికి నరకాలి. పక్కింటాయన తన గొడ్డలి తెస్తానని లేచాడు. పెద్దతమ్ముడు ఆపాడు.

"మా చిన్నాయన పాడెకు ఊరోళ్ల గొడ్డలెందుకు? నా కత్తి ఉండాది గదా పెట్టెలో. ఇయ్యి అక్కా."

చిన్నవాడు స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. "ఆయన కత్తి బయటికొస్తే నాది కూడా రావాల" అన్నాడు, అన్న వైపు చూడకుండానే.

మరదళ్లిద్దరూ నా వంకే చూశారు. లేదనడానికి నాకు కారణం లేదు, ఎత్తి ఇవ్వాల్సిన మనిషే అరుగు మీద శవమై ఉన్నారు. గోవిందా అనుకుని ఆయన మొలతాడు నుంచి తాళంచెవి విప్పి పెట్టె తీశాను. పెద్దవాడి కత్తి చుట్టిన గుడ్డ అన్నిటికన్నా పైన ఉంది. చేతికి ఎత్తగానే తేలికగా అనిపించింది. చిన్నాయన చేసినట్టే నేల మీద పెట్టి, పిడి వాడి వైపు తిప్పి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

గుడ్డ విప్పాడు. అరచేయంత వెడల్పుండే మచ్చుకత్తి చిటికెనవేలంత అయింది. పిడి మాత్రం పాతదే. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత వెదురు మీద కొట్టాడు. అంచు ముడుచుకుపోయింది. రెండోసారి ఇంకా గట్టిగా కొట్టాడు. కణుపు మీద పడి సగానికి విరిగింది.

చిన్నవాడు నవ్వాడు. "బాగా పదును పట్టినాడు నీకు" అన్నాడు.

ఆ నవ్వుతోనే పెరటి వైపు తిరిగాడు. చెట్టు కింద రాయి మీద తన కత్తి కనబడింది. అదీ అంతే సన్నగా ఉంది. నవ్వు ఆగిపోయింది. దగ్గరికి వెళ్లాడు, వంగాడు, చెయ్యి చాపాడు. చాపిన చెయ్యి అట్లాగే ఆగింది. వాడు దాన్ని ఎత్తలేదు.

వెదుర్లు పక్కింటాయన గొడ్డలితోనే నరికారు. ముందువైపు రెండు కొనలూ తమ్ముళ్లిద్దరూ పట్టారు. పెద్దవాడు పొడుగు, చిన్నవాడు పొట్టి. పాడె ఒరిగిపోకుండా పెద్దవాడు దారి పొడుగునా మోకాళ్లు వంచి నడిచాడని చూసినవాళ్లు చెప్పారు. తలకొరివి పెద్దవాడే పెట్టాడు.

వాళ్లు కాలవలో మిగిలిన మడుగులో మునిగి తిరిగి వచ్చేసరికి పొద్దు వాలింది. గుమ్మంలో దీపం చూసి లోపలికి వచ్చి కూర్చున్నారు.

"రేణిగుంటలో ఇనుప పట్టీలు దిగినాయంట" అన్నాడు పెద్దవాడు, ఎవరితోనూ కాకుండా. "కమ్మరోడు చెప్పినాడు."

"నాకూ చెప్పినాడు" అన్నాడు చిన్నవాడు.

అప్పుడు చిన్నమరదలు గడప దగ్గర నుంచి మాట్లాడింది. మగవాళ్లు ఉన్నచోట ఆమె గొంతు నేను ఎప్పుడూ వినలేదు.

"చేయించుకోండి. కొత్త కత్తికైనా ముందర సాన పట్టాల గదా. అది వదిన దగ్గరికి రావాల."

"అవును, రావాల" అంది పెద్దమరదలు.

పెద్దవాడు నన్ను చూశాడు. "నీకు సాన పట్టేది తెలుసా అక్కా?"

"తొందరగా పట్టేది తెలీదు" అన్నాను.

చిన్నవాడు లేచి పెరట్లోకి వెళ్లాడు. ఏం చేస్తాడోనని మేమంతా అటే చూశాం. పొద్దున ఆయన్ను ఎత్తేటప్పుడు బోర్లా పడిన ముంతను తీసి, నీళ్లు నింపి, రాయి పక్కన యథాస్థానంలో పెట్టి వచ్చాడు. కత్తి జోలికి పోలేదు.

ఆ సాయంత్రం మా ఇంట్లో అనుకున్నది ఇది. పెద్దకర్మ అయ్యేదాకా ఇద్దరూ కపిల కట్టరు, చెరకు ఎండితే ఇద్దరిదీ ఎండుతుంది. పెట్టె తాళంచెవి నా దగ్గర ఉంటుంది. కొత్త కత్తులు ఎప్పుడు వచ్చినా కమ్మరి నుంచి నేరుగా నా దగ్గరికే రావాలి, ఎత్తి ఇచ్చేది నేనే. అంతవరకు ప్రతి పొద్దునా రెండు చేలకూ వినబడేటట్టు, చెట్టు కింద రాయి మీద మిగిలిన ఆ కత్తినే నేను నూరుతూ ఉండాలి. ఆ సన్నని ఇనుము ఇంకెన్ని పొద్దులకు వస్తుందని మాత్రం ఎవరూ అడగలేదు.