దారాల పెట్టె నా చేతిలో ఉన్నప్పుడు

మా శాంపిళ్ల గదిలో ఆమెను అందరూ పొరలక్క అనేవారు. నేను చేరేనాటికే ఆ పేరు స్థిరపడిపోయింది. నాలుగు గుడ్డలు ఒకదానిమీద ఒకటి పరిచి, వేలెడు దూరంలో వరసలుగా టాకాలు వేసి, సన్నమూతి కత్తెరతో పై పొరను ఒకచోట, రెండో పొరను ఇంకోచోట చీల్చి, లోపలి రంగు బయటికి తొంగిచూసేలా చేయడం ఆమె పని. చీలిన అంచుల వెంట గొలుసుకుట్టు, కాజాకుట్టు, ముడికుట్టు వేసేది. ఆ ముక్కను తడిపి పిండి గట్టి బ్రష్షుతో రుద్దితే అంచులు పోగులు పోగులుగా విచ్చుకునేవి. మా సంస్థ పరదాలు, మంచం మీద పరిచే బట్టలు, గోడకు వేలాడదీసేవి తయారుచేస్తుంది. ఏది చేయాలన్నా ముందు జానెడు ముక్క మీద ఎవరో ఒకరు చేసి చూడాలి. ఇరవై ఆరేళ్లుగా ఆ ఎవరో ఒకరు ఆమే.

ఆమె మంచిదని నేను చెప్పను. మాటలో మెత్తదనం మచ్చుకైనా ఉండేది కాదు. నాది ఇస్త్రీ, దారాలు సర్దే పని. చేరిన మొదటి వారమే ఒక తడిముక్కకు వేడి ఎక్కువై మెరుపు తేలితే, చెక్క స్కేలుతో నా వేళ్ల మీద కొట్టింది.

"వేళ్లా చీపురుపుల్లలా అవి? ఇంట్లో మీ ఆయన చొక్కాలు కాల్చుకో, నా గుడ్డలు కాదు."

గదంతా నవ్వింది. గుండీలు కుట్టే ఆవిడైతే పొట్ట పట్టుకుని నవ్వింది. అప్పటికి నాకు ముప్పై ఒకటి, ఇద్దరు పిల్లల తల్లిని. ఆ రోజు వేళ్లకన్నా మొహం ఎక్కువ మండింది. అలాంటి రోజులు నాలుగేళ్లలో ఎన్నో వచ్చాయి. ఒక్కటీ మర్చిపోలేదు నేను.

ఆమె చూపు సంగతి ముందుగా పసిగట్టింది నేనే. ఆమె దారాల పెట్టెలో ఇరవై నాలుగు గుంటలుండేవి. రీలు తీసేటప్పుడు ఆమె కళ్లు పెట్టె మీద ఉండేవి కావు. వేలు అంచు దగ్గర మొదలై ఒక్కో గుంట తడుముకుంటూ పోయేది. కుట్టు వేసేటప్పుడు కూడా తల పక్కకు తిప్పి, ఏదో చప్పుడు వింటున్నట్టు కూర్చునేది. అయినా కుట్టు మాత్రం అచ్చు గుద్దినట్టు పడేది. అనుమానం తీర్చుకోవడానికి ఒకరోజు ఆకుపచ్చ గుంటలో నారింజ రీలు పెట్టాను. ఆమె దాన్ని తీసింది, సూదికి ఎక్కించమని నాకే ఇచ్చింది, ఎక్కించాను, కుట్టుకుంటూ పోయింది.

అన్నాలప్పుడు ఆ మాట గుండీలావిడ చెవిన వేశాను.

"నిజంగానే? అయితే అన్నీ కలిపెయ్యవే, తమాషా చూద్దాం!" అంది ఆవిడ.

కలిపేశాను. ఆవిడ అంటే అంది. చెయ్యి నాది.

ప్రతి సోమవారం పొద్దున్న మేడమ్ పొడుగు బల్ల దగ్గర కూర్చుని శాంపిళ్లు చూసేది. డిజైన్ల మీద ఆఖరి మాట ఆమెదే. ఆ సోమవారం పొరలక్క తన ముక్కను బల్ల మీద పరిచి, అరచేత్తో సాపు చేసి చెప్పింది:

"ఇది వాన వెలిసిన గోడ మేడమ్. అడుగున బూడిదరంగు, చీలికల్లో తెలుపు. అంచులకు లేత నీలం వేశా, తడి ఇంకా ఆరనట్టు."

బల్ల మీద ఉన్నది వేరు. బూడిదరంగు, తెలుపు పొరల మీద చెక్కుకుపోయిన మోకాలి ఎరుపు. దాని చుట్టూ కుళ్లిన ఆకు రంగు. మధ్యలో ముడులు మాత్రం మిలమిలలాడే పసుపు. గుండీలావిడ రుమాలు నోట్లో కుక్కుకుంది. మిషను మాస్టారు గోడవైపు తిరిగిపోయాడు, ఆయన భుజాలు ఎగురుతున్నాయి. పొరలక్క మొహం మేడమ్ వైపే ఉంది, మెచ్చుకోలు కోసం.

మేడమ్ నవ్వలేదు. ముక్కను కిటికీ దగ్గరకు తీసుకెళ్లి చాలాసేపు చూసింది.

"చాలా బాగుంది," అంది. "ఇలాంటివి ఇంకో నాలుగు చెయ్యండి."

మధ్యాహ్నం నన్ను తన గదికి పిలిచింది. నా పని అయిపోయిందనుకుంటూ వెళ్లాను.

"దారాలు మార్చింది నువ్వేనా?"

"తప్పయిపోయింది మేడమ్."

"ఆవిడకి తెలుసా?"

"లేదు."

"తెలియకూడదు. ఇకముందు కూడా మార్చు. గుడ్డల వరస కూడా మార్చు. రేపటి నుంచి నీ బల్ల కిటికీ పక్కన వేసుకో, అక్కడ గాలొస్తుంది."

అంతే. మర్నాడు నా ఇస్త్రీ బల్ల కిటికీ పక్కకు వెళ్లింది.

ఆ ముక్కలు కొనేవాళ్లకు నచ్చాయి. ఒకటి తర్వాత ఒకటి తీసుకున్నారు. ఇంత ధైర్యమైన రంగులు ఎవరూ వేయలేదన్నారు. మేడమ్ ప్రతి సోమవారం అందరి ముందూ పొరలక్కను పొగిడేది. ఇరవై ఆరేళ్లలో ఆమెకు దక్కని మాటలన్నీ ఆ ఆర్నెల్లలో దక్కాయి. దాంతో ఆమె మారిపోయింది. స్కేలు సొరుగులోకి వెళ్లిపోయింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, పొర చీల్చేటప్పుడు కత్తెర కింది మొన గుడ్డను ఎలా ఎత్తిపట్టాలో నేర్పింది. చేపముల్లు కుట్టు నేర్పింది. నా రెండో పిల్లకు జ్వరమొస్తే మూడుసార్లు ఎలా ఉందని అడిగింది. ఆ మంచితనం నాకు స్కేలు దెబ్బకన్నా బాధగా ఉండేది. అయినా ఆపలేదు నేను. ఆపితే కిటికీ పోతుంది, ఉద్యోగమూ పోతుంది. అది ఒక కారణం. రెండోది చెప్పుకోవడానికి సిగ్గు: ఆ ముక్కల్లో సగం నావని నాకు అనిపించడం మొదలైంది.

ఒకనాడు గదిలో ఎవరూ లేనప్పుడు ఆమె నా మోచెయ్యి పట్టుకుంది.

"నీకొక్కదానికే చెబుతున్నానే. నా కళ్లు పోతున్నాయి. లోపలి పొర ఎండిపోతోందట, మందు లేదన్నాడు డాక్టరు. ఎదురుగా ఉన్న మనిషికి మొహం ఉండాల్సిన చోట ఏమీ ఉండదు. రంగులన్నీ బురద. మా చెల్లెలికి కూడా చెప్పలేదు. ఇల్లు కదలనివ్వదు అది."

నేను దారాల పెట్టె వైపు చూశాను.

"నువ్వు పెట్టె సర్ది పెడుతున్నావు కాబట్టి నెట్టుకొస్తున్నా. నా కళ్లు నువ్వేననుకో. ఇదిగో, ఇది చూసి చెప్పు. నీలం సరిగ్గా పడిందా?"

ముక్క నా చేతిలో పెట్టింది. అందులో నీలం లేదు. అంతా కార్జం రంగు.

"పడింది అక్కా," అన్నాను.

ఆమె నా బుగ్గ తట్టింది.

ఆ ఏడు మేడమ్ షోరూములో ఒక గోడ నిండా ఆ ముక్కలే పొరలక్క చేత పెద్దవి చేయించి కట్టింది. వాటి పక్కన పేర్లు లేవు, నంబర్లు ఉన్నాయి. అయినా పొరలక్క ఉబ్బితబ్బిబ్బయి, ప్రారంభం రోజున వాళ్ల చెల్లెల్ని వెంటబెట్టుకొచ్చింది. చెల్లెలు మందుల కొట్లో పనిచేసే మనిషి, ఏదీ కడుపులో దాచుకోదు. గోడ ముందు నిలబడి మొహం చిట్లించింది.

"అక్కా, వాన వెలిసిన గోడ అన్నావే, ఏదీ?"

"అదిగో, మొదటిదే."

"ఇదా? ఇది మాంసం కొట్టులా ఉందే!"

చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు. పొరలక్క నవ్వబోయింది.

"వేళాకోళం చెయ్యకు. నీలం కనబడ్డంలేదా?"

"నీలమేంటి? ఇది ఎరుపు. ఇది పచ్చో గోధుమో, కక్కినట్టుంది. ఇది పసుపు. అక్కా, నీకు కనబడ్డంలేదా?"

పొరలక్క గోడ దగ్గరకు వెళ్లింది. చేతులెత్తి గుడ్డను తడిమింది. ముడుల మీదుగా, చీలికల అంచుల మీదుగా వేళ్లు నెమ్మదిగా కదిలాయి. "కుట్టు నాదే," అంది. రెండో ముక్క తడిమింది. "ఇదీ నాదే." మూడోది, నాలుగోది. ఒక్కోదాని దగ్గర ఆగి ఇదేం రంగని అడిగేది, చెల్లెలు చెప్పేది. ఆ గోడ చివరిదాకా అలాగే వెళ్లారు. వచ్చినవాళ్లంతా చేతుల్లో గ్లాసులతో చూస్తూ నిలబడ్డారు. ఎక్కడో వెనక గుండీలావిడ నవ్వు కిసుక్కుమంది.

పొరలక్క తల పక్కకు తిప్పి, ఆ కంటి అంచుతో నన్ను వెతికి పట్టుకుంది.

"పెట్టె సర్దేది నువ్వే కదే."

ఆమె గట్టిగా అనలేదు. చెల్లెలి భుజం పట్టుకుని బయటికి నడిచింది.

ఇక రాదనుకున్నాం. సోమవారం వచ్చింది. చెల్లెలు ప్రతి రీలుకూ ఒక గుడ్డపేలిక కట్టి, రంగును బట్టి దానికి ముడులు వేసి పంపింది. పెట్టె మీద ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు. ఆరు వారాలు కూర్చుని మూడు ముక్కలు చేసింది. మొదటిది మళ్లీ వాన వెలిసిన గోడే. ఈసారి నీలం నీలంగానే పడింది. వాటిని ఇస్త్రీకి నా బల్ల మీద పెట్టినప్పుడు, ఇస్త్రీపెట్టె ఆనించడానికి నాకు చెయ్యి రాలేదు. తడి గోడను ముట్టుకుంటే వేలికి చల్లగా తగులుతుందే, ఆ చల్లదనం ఉంది అందులో.

మేడమ్ మూడూ చూసింది.

"బాగున్నాయి. కానీ ఇలాంటివి ప్రతి ఇంట్లో తలగడల మీద ఉంటాయి."

"ఇవి నేను అనుకున్నట్టు వచ్చినవి మేడమ్. అవి కాదు."

"తెలుసు. అవే కావాలి నాకు. దారాలు మన ఇస్త్రీ ఆవిడకే వదిలెయ్యండి, కుట్టు మీరు వెయ్యండి."

"అంటే మీకు కావాల్సింది నా చూపు పోవడమే."

మేడమ్ తడుముకోలేదు. "అవును. రంగు మీరు ఎంచితే మీలాంటివాళ్లు వందమంది దొరుకుతారు నాకు. ఎంచకుండా కుట్టినప్పుడే మీలాంటివాళ్లు మీరొక్కరే."

గదిలో మిషన్లు ఆగిపోయాయి. పొరలక్క బల్ల అంచు పట్టుకుంది. ఆ మిగిలిన కాస్త చూపుతో ఇంకోచోట పని దొరకదని ఆమెకు తెలుసు.

"సరే. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి," అంది నావైపు చెయ్యి చూపిస్తూ. "నేను రంగు అడుగుతా. ఇది ఏదిస్తే అదే తీసుకుంటా. కానీ ఇచ్చేటప్పుడు, ఇచ్చే రంగు పేరు నోటితో చెప్పాలి. గట్టిగా. గదంతా వినబడాలి."

మర్నాటి నుంచి అదే మా పని.

"లేత నీలం ఇవ్వు."

"ఎరుపు ఇస్తున్నా అక్కా."

"ఇవ్వు. తెలుపు."

"నలుపు ఇస్తున్నా అక్కా."

"వినబడలేదు."

"నలుపు ఇస్తున్నా!"

రోజుకు నలభై సార్లు. మొదట్లో గదిలో వాళ్లు నవ్వారు. వారం తిరిగేసరికి గుండీలావిడ కూడా తల వంచుకుని కూర్చునేది. నాకు గొంతు బొంగురుపోయేది. ఇంట్లో పిల్ల మంచినీళ్లడిగినా గట్టిగా అరిచేదాన్ని. ఆమె మాత్రం ఒక్కనాడూ గొంతు పెంచలేదు. అలాగని ఒక్కసారి కూడా వదలలేదు.

మూడు నెలలకు ముక్కలు చచ్చుబడ్డాయి. ఎరుపని తెలిశాక ఆమె చెయ్యి ఎరుపుకు తగ్గట్టే కుట్టేది, నీలం మీది ఆశతో కాదు. అవి అటూ కాకుండా ఇటూ కాకుండా తేలేవి. కొనేవాళ్లు ఫోను చేయడం మానేశారు. ఒక శుక్రవారం మేడమ్ ఆమెను పిలిచి, సోమవారం నుంచి రానక్కర్లేదంది. ఆమె కత్తెర, వేలికి తొడిగే అంగుస్తాను సంచిలో వేసుకుని, గోడ పట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. దారాల పెట్టె బల్ల మీదే వదిలేసింది. ఆమె కుర్చీ నాకిచ్చారు.

నేను కళ్లు మూసుకుని రీళ్లు తీసి కుట్టి చూశాను. దొంగతనంగా చూడకుండా ఉండలేకపోయాను. నేను చేసిన రెండు ముక్కలను మేడమ్ నా ఎదుటే అడ్డంగా కత్తిరించి, ఇస్త్రీపెట్టె తుడుచుకోవడానికి పనికొస్తాయంది.

ఏడాది తర్వాత తెలిసింది, పొరలక్క ఒక ఆసుపత్రి లాండ్రీలో చిరిగిన దుప్పట్లు కుడుతోందని. తెల్ల గుడ్డ మీద తెల్ల దారం. రంగుతో పని లేదు. ఒక మధ్యాహ్నం సెలవు పెట్టి వెళ్లాను. నేలమాళిగలో పొడుగాటి గది, ఆవిరి, సబ్బు వాసన. దుప్పట్ల గుట్ట పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. మరీ చిక్కిపోలేదు. చిక్కిపోయి ఉంటే నాకు ఏడవడం తేలికయ్యేది.

"అక్కా," అన్నాను.

సూది ఆగలేదు. "ఏ అక్క? ఇక్కడ అక్కలెవరూ లేరు."

"క్షమించమని అడగడానికి వచ్చా."

"అడిగావుగా."

"అక్కా, నేను రోజూ..."

"నువ్వు రోజూ ఏమైతే నాకేంటే? ఇక్కడికొచ్చి నాలుగు కన్నీళ్లు కార్చి, ఇంటికెళ్లి కడుపునిండా తిని పడుకుందామని వచ్చావు. పడుకోనివ్వను. నేను క్షమించలేదు. చచ్చేముందు కబురుపెట్టినా క్షమించను. అది గుర్తుపెట్టుకుని వెళ్లు."

చిరుగు పూర్తయింది. దారం కొరికి తెంపి, దుప్పటి మడిచి పక్కనపెట్టి, గుట్టలోంచి ఇంకోటి లాగింది. దాని మీద ఎంత ఉతికినా పోని మరకలున్నాయి. ఆమె వాటి మీదుగా తడుముకుంటూ చిరుగు కోసం వెతికింది. దొరికింది. సూదిలో దారం ఎక్కించడానికి అలవాటుగా పక్కకు చెయ్యి చాచింది. నేను ముందుకు వంగాను.

"నీక్కాదు," అని అవతలి స్టూలు మీద పనిచేస్తున్న ఆవిడకి సూది అందించింది.