ఎలుకల గదికి సున్నం

ఈ రోజు ఒళ్లు మండిపోయింది. ఖమ్మంలో నేను పాఠాలు చెప్పే డిగ్రీ కాలేజీలోనే, మతిమరుపు జబ్బు మీద పరిశోధన కోసం మూడు నెలలుగా చిట్టెలుకలను సాకుతున్నాను. పాలు కలిపిన నీళ్ల తొట్టిలో వదిలితే, గోడల మీద నేను అంటించిన బొమ్మలను గుర్తుపెట్టుకుని, నీళ్లలో కనపడకుండా మునిగి ఉన్న పీట దగ్గరికి ఈదుకుంటూ చేరతాయి. మతి తప్పే మందు ఇచ్చినవే తడబడతాయి.

ఈ పొద్దున అన్నీ గిరగిరా తిరిగాయి, మందు ఇవ్వనివి కూడా. తలెత్తి చూస్తే ఒక్క బొమ్మ లేదు. ఇన్‌స్పెక్షన్ ఉందని నిన్న సెలవు రోజున గోడలకు సున్నం వేయించారట.

ప్రిన్సిపాల్ గారిని అడిగితే నవ్వారు.

"ఎలుకలకు గోడలతోని ఏం పనమ్మా?"

"అవి చూసే గద సార్, దారి పడతయి!"

"అయితే అన్నిటికి మతిమరుపు వచ్చిందని రాస్కో. నీకు గావాల్సింది గదే గద!"

వణుకుతున్న ఎలుకలను ఒక్కొక్కటిగా తువ్వాలుతో తుడిచాను. రిజిస్టరులో ఎర్ర సిరాతో రాశాను: "గుర్తులు చెరిపింది మేము. ఈ రోజు పరీక్ష చెల్లదు." సంతకం కోసం ముందు పెడితే, ఆయన చదివి పక్కకు నెట్టేశారు.

రేపు ఇన్‌స్పెక్షన్‌కు వచ్చేవాళ్ల చేతికే ఆ రిజిస్టరు ఇస్తాను. మీరైతే ఊరుకునేవారా?