దూడను తూకమేసిన ఆదివారం

మొన్న ఆదివారం తుర్కయంజాల్‌ల ఒక దూడ బతికింది, నా ఇజ్జత్ మాత్రం పోయింది. జర కూసోండి, చెప్త.

నేను దిల్‌సుఖ్‌నగర్‌ల ఒక కోచింగ్ సెంటర్‌ల లెక్కలు చెప్తనని మీకెరికే. పొద్దుగాల ఎల్బీనగర్ ఇంట్ల చాయ్ తాగుతుంటే తుర్కయంజాల్ నుంచి మా పెద్దమ్మ ఫోన్ చేసింది. ఆమెకున్నది ఒక్కటే ఆవు. ఎనిమిది దినాల కింద ఆడదూడను ఈనింది. ఆ దూడ ముందురోజు సంది తెల్లగ నీళ్లలెక్క పెండ పారుకుంటున్నదట, పొదుగు దిక్కే చూస్తలేదట. పెద్దమ్మ ఫోన్‌ల మాట్లాడితే పక్కింటికి ఇనపడ్తది. ఆ దినం మెల్లగ మాట్లాడింది. పోయినేడు దూడ గిట్లనే సచ్చిపోయింది మరి.

పశువుల డాక్టరమ్మకు ఫోన్ కొట్టిన. విజయవాడ దిక్కు మనిషి, మాట నిదానం. పేగులల్ల బ్యాక్టీరియా చేరినట్టుంది, ఒంట్ల నీళ్లు అయిపోతే దూడ దక్కదు అన్నది. తనేమో ఇంకో ఊర్ల ఈనలేక తిప్పలు పడుతున్న ఆవు కాడ ఉన్నదట, వచ్చేసరికి రెండు గంటలైతదట. అందాక ఓఆర్‌ఎస్ నీళ్లు తాపుమన్నది. మందు పేరు వాట్సప్‌ల పంపి, డోసు బరువును బట్టి ఉంటది, దూడను తూకమేసి చెప్పుమన్నది.

మా ఇంట్ల మంచం కింద వెయింగ్ మిషన్ ఉన్నది. మా ఆవిడ నా కోసమే కొన్నది, నేను ఒక్కసారి కూడా ఎక్కలే. దాన్ని సంచిల ఏసుకొని, తొవ్వల మందు కొనుక్కొని పోయిన.

దూడ కండ్లు లోపలికి గుంజుకపోయినయి, చెవులు సల్లగున్నయి. ముందుగాల నీళ్లు తాపినం. తర్వాత మిషన్‌ను బండ మీద పెట్టి, దూడను రెండు చేతులతోని ఎత్తుకొని ఎక్కిన. ఎక్కుడే ఆలస్యం, నా షర్ట్ మీదంగ ప్యాంట్ దాక పారింది. కదిలితే నంబర్ పోతదని బొమ్మలెక్క నిలబడ్డ. పెద్దమ్మ వంగి చూసి మూడు ఒకట్లు ఉన్నయన్నది. నూట పదకొండు. నా బరువు డెబ్బై ఒకటి. తీసేస్తే నలభై. సూటి లెక్క.

ఫోన్ చేసి చెప్పిన. డాక్టరమ్మ దూడ ఫొటో పంపమన్నది. చూసి అడిగింది.

"ఇది ముప్పై కూడా ఉండదండీ. మీ బరువు ఎప్పుడు చూసుకున్నారు?"

పెండ్లికి ముందు అని చెప్పిన. పెండ్లై పదకొండేండ్లైంది.

"దూడని దింపి, మీరొక్కరే ఎక్కండి."

ఎక్కిన. ఈసారి పెద్దమ్మ మళ్లా మళ్లా చూసింది. ఎనభై నాలుగు. అంటే దూడ ఇరవై ఏడు. పదమూడు కిలోల తేడా మొత్తం నాదే. అంచనాతోని ఆన్సర్ టిక్ పెట్టొద్దని పిల్లలకు రోజూ చెప్పేది నేనే. నలభై అనుకొని గా పానం బాగలేని దూడకు మందు ఏసి ఉంటే ఏమైతుండెనో.

సరైన డోసు తాపినం. డాక్టరమ్మ వచ్చి సెలైన్ ఎక్కించింది, దూడను వేరేగ పొడి గడ్డి మీద పండబెట్టించింది, నన్ను సబ్బుతోని మోచేతుల దాక కడుక్కోమన్నది. పొద్దుగూకేసరికి దూడ లేచి నిలబడి, ఒక్కసారి అరిచింది. పెద్దమ్మ కొంగుతోని కండ్లు తుడుచుకొని, నన్ను పట్టుకొని పెరుగన్నం తినిపించింది. గిన్నె నిండ.

కోలుకునేదాక దూడ బరువు చెప్తుండమన్నది డాక్టరమ్మ. అందుకని వారం రోజులు తుర్కయంజాల్‌కు తిరిగిన, పోయినప్పుడల్లా పెద్దమ్మ తినిపించింది. నిన్న ఫోన్ చేసి, మేడం, తూకం రెండు కిలోలు పెరిగింది అని సంబురంగ చెప్పిన.

"ఎవరండీ, దూడా, మీరా?"

ఈసారి నేనొక్కన్నే గూడ ఎక్కి చూసుకున్న, లెక్క తప్పు చెప్పలే. చెరొక కిలో అన్న.