కొమురెల్లి కుడికాలు

తార్నాక చౌరస్తా నుంచి యూనివర్సిటీ వైపు దిగే దారిలో సైకిలు షాపు పెట్టుకున్న కొమురెల్లికి అరవై ఒకటో ఏడు. కుడికాలు కుంటి. ఆ కాలి మీద పడ్డాయని చెప్పుకున్న లాఠీలన్నీ నిజంగా పడి ఉంటే, నిజాం నాటి చింతమొద్దయినా పొట్టుపొట్టయ్యేది. మొదట్లో అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో తగిలిన దెబ్బ ఒక్కటే అనేవాడు. పెళ్ళినాటికి అవి మూడయ్యాయి. రెండువేల తొమ్మిది డిసెంబరులో క్యాంపస్ మళ్ళీ భగ్గుమన్నాక గుర్రాల మీది పోలీసులు కూడా వచ్చి చేరారు. బీఏ మొదటి ఏడే వదిలేసిన మనిషి ముందు డాక్టరేటు చదివేవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడితే ఊరికే ఎలా పంపుతాడు? మరో దెబ్బ వడ్డించేవాడు.

కానీ ఈ రెండేళ్ళలో ఆ కాలు బరువైపోయింది. ఏ సభ పెట్టినా పిలుపే. మైకు ముందు నిలబడి అవే దెబ్బలు మళ్ళీ తినాలి. అబద్ధం పుట్టించడానికి క్షణం చాలు. నలభై రెండేళ్ళు దాన్ని మేపడానికే ఓపిక కావాలి. బందులకు షట్టరు దించీ దించీ, పోలీసుల బాష్పవాయువు పొగకు కళ్ళు కడుక్కునీ కడుక్కునీ ఆ ఓపిక కాస్తా అడుగంటింది.

సకల జనుల సమ్మెలో బస్సులు ఆగిపోయి, మూలపడ్డ సైకిళ్ళన్నీ షాపు ముందు వరస కట్టిన రోజులవి. కుమార్ ఒక తుప్పు ముద్దను భుజాన వేసుకుని వచ్చాడు. సిరిసిల్ల దగ్గరి పల్లె పిల్లవాడు, క్యాంపస్‌లో చరిత్ర మీద పరిశోధన చేస్తున్నాడు. హాస్టల్లో పాత సామాన్ల గది ఖాళీ చేస్తుంటే అది దొరికిందట. చక్రాల్లేవు, హ్యాండిల్ లేదు. ఉన్నవి ఫ్రేమూ, ముందు చక్రాన్ని పట్టే, వెనక్కి వంగిన ఫోర్కూ, సీటు కింది గొట్టమూ.

"కాకా, గిది ఏ కంపెనీదో జెప్పు. ఆదివారం ర్యాలీల గిదే తొక్కుత."

"ఏందిరా, చెరువుల పడ్డ నాగలి పట్టుకొచ్చినవ్?"

షాపు పక్కనే మజ్జిగ కుండ పెట్టుకుని కూర్చునే లచ్చవ్వ అందుకుంది. "నాగలి గాదు, నీ పెండ్లినాటి మంచం అది. జెర మంచిగ జూడు!"

కొమురెల్లి ముక్కుతూ పీట మీద కూర్చుని గొట్టాన్ని గోటితో కొట్టాడు. ఖంగుమంది. మామూలు ఫ్రేమైతే కుండ పగిలినట్టు మోగుతుంది. ఒంటిచేత్తో ఎత్తాడు. తేలిక. ముందు గొట్టం మీద కంపెనీ రేకు ఉండాల్సిన చోట రెండు చిల్లులు మాత్రం మిగిలాయి. పెడళ్ళ ఇరుసు దూరే గొట్టానికి కుడివైపు కప్పు మామూలుగా తిప్పితే రాలేదు, ఉల్టా తిప్పితే ఊడింది.

"ఇంగ్లాండు మరలురా గివి. రేసు బండి. పేరు మాత్రం ఎవలికెరుక!"

సీటు గొట్టం పట్టేసింది. కిరసనాయిలు పోసి ఒక రోజు నానబెట్టాడు. మర్నాడు కుమార్ ఫ్రేమును తిరగేసి, ఇరుసు గొట్టం అడుగున ఎమరీ కాగితంతో పెయింటు గీకుతుంటే, కొమురెల్లి సీటు గొట్టాన్ని మెలితిప్పి లాగాడు. దానితోపాటు చుట్టలు చుట్టుకున్న ఒక రేకు ముక్క ఊడి ఒళ్ళో పడింది. పౌడరు డబ్బా రేకు. తుప్పులోంచి సగం గులాబీ పువ్వు కనబడుతోంది.

కొమురెల్లి చెయ్యి ఆగిపోయింది. ఆ రేకు కత్తిరించింది తనే.

అరవై తొమ్మిదిలో ఈ సైకిలు శశిభూషణ్‌ది. గుంటూరు వైపు కుర్రాడు, రైల్వే ఇంజనీరు కొడుకు, హాస్టల్లో కొమురెల్లి పక్కమంచం. గది తలుపు మీద ఎవరో 'వెళ్ళిపో' అని బొగ్గుతో రాసిన వారంలోనే, "నడుస్తూ ఎప్పటికి చేరతావు రా, నా బండి తీసుకుపో" అని తనే ఇచ్చాడు. సీటు దిగిపోతుంటే కొమురెల్లి అతని పౌడరు డబ్బానే కోసి సీటు గొట్టానికి చుట్టాడు. మౌలాలిలో కరపత్రాలు పంచి, సాయంత్రం సభకని తిరిగొస్తూ, తార్నాక దగ్గర పల్లంలో హ్యాండిల్ వదిలేసి, రెండు చేతులూ గాల్లో ఊపుతూ, అడ్డమొచ్చిన బర్రెను గుద్దాడు. కాలు అక్కడే విరిగింది; వంగిన బండిని ఎవరో హాస్టలుకు చేర్చారట. సభా చూడలేదు, పోలీసునూ చూడలేదు. కట్టు విప్పుకుని హాస్టలుకు వచ్చేసరికి శశిభూషణ్ ఊరే వదిలి వెళ్ళిపోయాడు.

"కాకా!" కుమార్ కేక పెట్టాడు. "మూడు... ఆరు... తొమ్మిది!"

ఇరుసు గొట్టం అడుగున, గీకిన మేరకు, గుద్దిన అంకెలు మెరుస్తున్నాయి. మూడువందల అరవై తొమ్మిది. అరవై తొమ్మిదిలో నేలకొరిగినవాళ్ళు ఇంతమంది అని క్యాంపస్‌లో ప్రతి గోడా, ప్రతి పాటా చెప్పే లెక్క. కుమార్ లేచి నిలబడ్డాడు. "గిది అమరుని బండి కాకా! ఆదివారం సభ టెంటు కింద నువ్వే జెప్పాలె. ఎవలిదో నీకే ఎరుకుంటది."

కొమురెల్లి తలూపితే చాలు. ఆ మాటకొస్తే నాలుక మీదికి అప్పుడే ఒక పేరూ, ఒక ఊరూ, కొడుకు కోసం ఎదురుచూసే ఒక తల్లీ వచ్చి కూర్చున్నారు కూడా. కానీ ఇన్నాళ్ళూ కోసిన కోతలన్నీ తన కాలి మీదివి. ఇప్పుడు కోయాల్సింది చచ్చిపోయినవాళ్ళ మీద. ఆ తల్లిని కూడా ఇంకో నలభై ఏళ్ళు మేపాలా అనుకుంటే ఒళ్ళంతా నీరసం కమ్మింది.

అంకెలకు అటూ ఇటూ ఇంకా పెయింటు ఉంది. కుమార్ చేతిలోని ఎమరీ కాగితం తీసుకుని రుద్దాడు. ఎడమ పక్క ఏడు తేలింది. కుడి పక్క రెండు తేలింది.

"డెబ్బై మూడువేల ఆరువందల తొంభై రెండు. కార్ఖానా నంబరు."

కుమార్ మొహం వాడిపోయింది. "రుద్దకపోతే ఏమయితుండె కాకా?"

"చరిత్ర సదువుతున్నది నువ్వా, నేనా?" అని, ఊపిరి పీల్చుకుని, కరపత్రాల దగ్గర మొదలుపెట్టి బర్రె దాకా అంతా చెప్పేశాడు.

కుమార్ పడీపడీ నవ్వాడు. "పో కాకా! నీ కోతలకు గిప్పుడు బర్రె గూడ దొరికిందా?"

"జిందగీల కొయ్యని కోత గిదొక్కటే బిడ్డా."

"కోత గాదు," అంది లచ్చవ్వ, కుండ మీద గుడ్డ సర్దుతూ. "ఆ బర్రె మాదే."

కొమురెల్లి నోరు తెరిచాడు. "నీకెరుకనా అక్కా? ఎన్నేండ్లాయె పక్కన కూసోని!"

"ఎరుకే. బెదురుకొని మూడు దినాలు పాలియ్యలే ముండ. నువ్వు లాఠీ అన్నప్పుడల్లా దాని మొకం యాదికొస్తుండె. నీ కథలు ఇనేటందుకు పోరగాండ్లు వచ్చిరి, వచ్చినోళ్ళు నా సల్ల తాగిరి. నడుమ నాకేం బోయింది?"

ఆదివారానికి బండి తయారైంది. ఫోర్కు వంపు తీశాడు. రెండు వేరువేరు పాత సైకిళ్ళ చక్రాలూ, ఇంకోదాని హ్యాండిలూ ఎక్కించాడు. పౌడరు డబ్బా రేకును చదును చేసి, మేకుతో అక్షరాలు పొడిచి, ముందు గొట్టం మీది రెండు చిల్లులకు బిగించాడు. కుమార్ చదివి వెనక్కి తగ్గాడు.

"శశిభూషణ్? మన ర్యాలీల ఆంధ్రోని పేరా కాకా?"

"బండి ఇచ్చినోని పేరు. ఏ కంపెనీదని అడిగితివి గద."

కుమార్ ఆ రేకును బొటనవేలితో తుడిచాడు. ఆ తర్వాత ఎక్కి తొక్కాడు. కొమురెల్లి కుంటుకుంటూ వెనకే నడిచాడు. టెంటు కింద మైకు చేతికిచ్చారు. ముందు వరస పిల్లలు లాఠీల కోసం సర్దుకుని కూర్చున్నారు.

"అరవై తొమ్మిదిల గిసొంటి సభకే బయలెల్లిన," అన్నాడు. "తొవ్వల బర్రె అడ్డమొచ్చింది. నా కాలిరగ్గొట్టింది అదే. పోలీసులు గాదు. జెర ఆలస్యమైంది. గిప్పుడొచ్చిన."

కొందరు నవ్వారు, కొందరు మొహాలు తిప్పుకున్నారు. ఎక్కడో వెనక ఒకరిద్దరు చప్పట్లు కొట్టి ఆపేశారు. తర్వాతి సభకు ఎవరూ పిలవలేదు. ఆ సభ జరిగిన రోజు కొమురెల్లి షాపులోనే పీట మీద కుడికాలు చాపుకుని, లచ్చవ్వ పోసిన మజ్జిగ తాగి, కూర్చున్నచోటే కునుకు తీశాడు.